పూల పక్కన అరటిపళ్లు

తలుపు తీసింది లిఫ్టు మెకానిక్కే. పూల దుకాణం మనిషి పన్నెండు గులాబీల గుత్తి చేతిలో పెట్టి, సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. చీటీ మీద మెకానిక్కు భార్య పేరుంది. పంపినవాళ్ల పేరు లేదు.

"ఏవండీ, మీరేనా?" భార్య ముఖం విచ్చుకుంది.

"నాకు వేరే పన్లేదా?" అనేశాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు గానీ, మాట జారనే జారింది.

"మరింకెవరబ్బా?" ఆమె పూలకేసి చూసి నవ్వుకుంది. ఆ నవ్వు చూసి అతనికి ఎన్నేళ్లయిందో!

కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదువుతున్న అతని తల్లి తలెత్తింది. "ఎవరైతేనేంరా? పంపినవాడెవడో రసికుడే. ఆ రంగు చూడు!"

"నువ్వూరుకో అమ్మా."

ఆవిడ ఊరుకోలేదు. కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని కాడల చివర్లు ఏటవాలుగా కోయించింది. నీళ్లలో మునిగే ఆకులన్నీ తుంపించింది. చెంబెడు నీళ్లలో చిటికెడు పంచదార, నాలుగు చుక్కల నిమ్మరసం వేయించింది.

"రోజూ నీళ్లు మార్చమ్మా. ఎండ తగలనీయకు. పది రోజులు చెక్కుచెదరవు."

పది రోజులా! మెకానిక్కు గుండెల్లో రాయి పడింది.

భార్య పనిచేసేది కళ్లద్దాల దుకాణంలో. దాంతో వీధిలో కళ్లజోడు పెట్టుకున్న ప్రతి మగాడూ అతని కంటికి దొంగలాగే కనబడసాగాడు. పని కాగానే స్నేహితులతో బాతాఖానీ మానేసి, సరాసరి ఆ దుకాణం ముందు తేలేవాడు. "ఇటేదో పనుండి వచ్చాలే," అని భార్య చేతిలో సంచీ అందుకునేవాడు.

దారిలో ఏదో ఒకటి మాట్లాడాలి కదా. మాట్లాడేవాడు. ఆమె చెప్పేది చెవులు రిక్కించి వినేవాడు, కబుర్లలో ఆ ఎవడో దొరుకుతాడేమోనని. వాడు దొరకలేదు. కానీ రోజంతా నిలబడి నిలబడి ఆమెకి మడమలు పీకేస్తున్నాయని మొదటిసారి తెలిసింది. మర్నాడు పొద్దున టీ తనే పెట్టాడు. పంచదార వేయడం మర్చిపోయాడు. ఆమె కిక్కురుమనకుండా తాగేసింది.

పూలు మాత్రం పగబట్టినట్టు నిగనిగలాడుతున్నాయి.

అయిదో రోజున తోటి మెకానిక్కు ఒక చిట్కా చెప్పాడు. పక్కన పండిన అరటిపళ్లు పెడితే పూలు ఇట్టే వాడిపోతాయట. ఆ సాయంత్రమే డజను పళ్లు తెచ్చి చెంబుకి ఆనించి పెట్టాడు.

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది, పళ్లు పెట్టే చోటా అది?" అని తల్లి వాటిని వంటింట్లోకి మార్చింది. అతను మళ్లీ తెచ్చాడు. ఆవిడ మళ్లీ తీసింది. మూడోసారికి కోడలొచ్చి తలా రెండు పళ్లు చేతిలో పెట్టి తగువు తీర్చింది.

పదో రోజుకి రేకులు రాలాయి. మెకానిక్కుకి ప్రాణం లేచొచ్చింది. గుత్తిని తనే తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసి చేతులు దులుపుకున్నాడు.

"ఎవరు పంపితేనేం గానీ, ఈ పది రోజులూ బాగున్నాయండీ," అంది భార్య.

పూల గురించే అందో, ఇంకేమైనా అందో అతనికి అంతుపట్టలేదు. "పద, అలా నడిచొద్దాం. మడమలు నొప్పెడితే చెప్పు, ఎక్కడైనా కూర్చుందాం," అన్నాడు.

ఇద్దరూ మెట్లు దిగుతున్న చప్పుడు ఆగింది. తల్లి ఫోను తీసి పూల దుకాణానికి కలిపింది.

"బాబూ, మళ్లీ అవే గులాబీలు, అదే ఇంటికి పంపు, నా పేరు మాత్రం ఈసారి కూడా రాయకు, మావాడు ఇప్పుడిప్పుడే దార్లో పడుతున్నాడు!"