తెల్లబడిన కిటికీ

ఫుట్‌బాల్ ప్రసార హక్కుల వెల పెరిగిపోయాక, విజయనగరం స్టేడియం చుట్టూ ఉన్న ఇళ్ల కిటికీలకు కంపెనీవాళ్లు తమ అద్దాలే బిగించారు. ఆట మొదలవగానే అవి పాలలా తెల్లబడతాయి. ఆట ముగిశాకే మళ్లీ బయట కనిపిస్తుంది. డబ్బు కట్టనివాళ్లు ఆట చూడకూడదు.

పైడితల్లి మైదానంలో ఆడుతూ అప్పుడప్పుడూ తమ ఇంటి కిటికీ వైపు చూసేది. ఆ తెలుపు వెనక జబ్బుపడ్డ నాన్న మంచం ఉందని ఆమెకు తెలుసు. జనం అరుపులను బట్టి ఊహించి, అమ్మ నరసమ్మ ఆయనకు ఆట చెబుతూ ఉండేది.

ఆ సాయంత్రం మనసు నిలవక, కోచ్‌ను బతిమాలి, సగం ఆటలోనే ఇంటికి వచ్చేసింది. గుమ్మం దగ్గరికి రాగానే స్టేడియం హోరెత్తింది.

"ఏటే, ఏటయింది?" లోపల నాన్న గొంతు.

"మన పైడితల్లి గుంట గోలు కొట్టీసింది!"

"ఎడంకాలితోనేనా?"

"మరేటి, నీ పోలికే కదా!"

నాన్న నవ్వాడు. ఆ నవ్వు విని చాలా కాలమైంది. ఇప్పుడు లోపలికి వెళితే ఆ గోలు అబద్ధమైపోతుంది. పైడితల్లి బూట్లు చేత్తో పట్టుకుని, చప్పుడు చేయకుండా మెట్ల మీద కూర్చుంది. ఆట అయ్యాక వెళ్దామనుకుంది.

అద్దం తేటపడకముందే అమ్మ ఏడుపు వినిపించింది.

"నీ గోలు విని, నవ్వుతానే పోయాడే అమ్మీ," అంటుంది నరసమ్మ ఇప్పటికీ.

తాను మెట్ల మీదే ఉన్నానని పైడితల్లి చెప్పలేదు.