జేగంట దొంగ

రెండో గిన్నె పులుసన్నం తింటున్న బాటసారి, చూరుకు వేలాడుతున్న ఇత్తడి జేగంటను చూసి ఆగాడు.

“పూటకూళ్లమ్మా, ఇంట్లో గుడి కూడా నడుపుతున్నావా?”

“రేపు రాజుగారి పల్లకి ముందు కొట్టడానికి,” అంది ఓక్దాన్, బియ్యపు కల్లు వంపుతూ.

“నీ పులుసులో ఉప్పు ఎక్కువైందని చెప్పుకోవడానికా?”

“ఎక్కువైతే మళ్లీ ఎందుకు వేయించుకున్నావన్నా?”

అతను నవ్వాడు. ఓక్దాన్ మాత్రం నవ్వలేదు.

రాజుగారు పెద్దల సమాధుల దర్శనానికి ఆ దారినే వెళ్తున్నారు. నోరులేని వాళ్లెవరైనా పల్లకి ముందు జేగంట కొట్టి గోడు చెప్పుకోవచ్చు. దారి ఆపినందుకు ముందు దెబ్బలు పడతాయి. ఆ తర్వాత చెప్పింది రాసుకుంటారు.

ఆమె మొగుడు మన్‌సోక్ చెరసాలలో ఉన్నాడు. సర్కారు అడవిలో దేవదారు చెట్లు నరికాడని నేరం. ఆ దూలాలు ఎవరి కొత్త ఇంటికి ఎక్కాయో ఊరందరికీ తెలుసు. ఆ ఇల్లు కచేరీ గుమాస్తాది కాబట్టి ఎవరూ నోరు విప్పలేదు. మన్‌సోక్ కాలు కుళ్లుతోంది. చలి ముదిరితే బతకడు.

ఇదంతా ఆమె పొయ్యి ఎగదోస్తూ చెప్పింది. బాటసారి చెంచా పక్కన పెట్టి విన్నాడు.

“దెబ్బలు ఓర్చుకోగలవా?”

“నా మొగుడు ఏనాడూ నామీద చెయ్యెత్తలేదన్నా. అలాంటి మనిషి కోసం నాలుగు తింటే పోయేదేముంది?”

“ఎక్కడ నిలబడతావు?”

“కొండ మలుపులో. దారి అక్కడ ఇరుకు, పల్లకి ఆగక తప్పదని యున్ పండితుడుగారు చెప్పారు. జేగంట కూడా ఆయనే ఇచ్చారు. ఎంత మంచి మనసో.”

బాటసారి ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆమె అడక్కుండానే మరో గరిటె వడ్డించింది. ఆ మూడో వడ్డన అతను తినలేకపోయాడు.

తెల్లవారి చూస్తే చూరుకు జేగంట లేదు. అరుగు మీద అతనూ లేడు.

ఓక్దాన్ ఇల్లంతా వెతికింది. చివరికి కుండ మూత, గరిటె పట్టుకుని కొండ మలుపు వైపు పరుగెత్తింది. సగం దూరం పోయేసరికి వెనకనుంచి జేగంట మోగింది. ఊరి మొదట్లో, పిండిమర దగ్గర.

ఆమె వెనక్కి ఉరికింది.

పిండిమర ముందు ఊరేగింపు ఆగిపోయి ఉంది. బాటసారి నేలమీద పడి ఉన్నాడు. భటులు దుడ్డుకర్రలతో బాదుతున్నారు. ఆమె జనాన్ని తోసుకుంటూ వెళ్లి అతని ముందు నిలబడింది.

“అది నా జేగంట. అన్నం పెట్టిన ఇంట్లో దొంగతనం చేస్తావా?”

భటుడు కర్ర ఆపి, ఈమె ఎవరని అడిగాడు.

అతను నెత్తురు కారుతున్న తల ఎత్తి చూశాడు. “ఎవరో పిచ్చిది. అవతలికి లాగెయ్యండి.”

ఆమె అతని ముఖాన ఉమ్మేసింది.

భటులు అతన్ని ఈడ్చుకుపోయారు. కాసేపటికి ఊరేగింపు కొండవైపు పోకుండా ఏటి గట్టు దారి పట్టింది. ఆ రోజుకు ఇక ఎవరి గోడూ వినరని చాటింపు వేశారు. మలుపు దగ్గర ఏదో గొడవ అయిందని జనం చెప్పుకున్నా ఆమె చెవికెక్కలేదు. పొయ్యి వెలిగించకుండా కూర్చుని, వాడి చేతులు పడిపోవాలని శాపనార్థాలు పెట్టింది.

తొలి మంచు పడిన రోజు గుమ్మం ముందు ఎడ్లబండి ఆగింది. అందులో మన్‌సోక్ ఉన్నాడు. కాలికి కట్టు ఉంది, ప్రాణం ఉంది. వెంట రాజుగారి అంగరక్షక దళపతి వచ్చాడు.

పిండిమర దగ్గర దెబ్బలు తిన్న మనిషి మాటే నిజమని విచారణలో తేలిందని దళపతి చెప్పాడు. మన్‌సోక్‌ను విడిచిపెట్టారు, గుమాస్తాను చెరసాలలో వేశారు.

“అతను నా మొగుడి గోడు చెప్పాడా?” ఓక్దాన్ అడిగింది.

“ముందు అదే చెప్పాడమ్మా. రాజుగారి ప్రాణం మీదికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది, మొదటిది రాసి ముద్ర వేస్తేనే రెండోది చెబుతానన్నాడు. ఎముకలు విరుగుతున్నా ముద్ర పడేదాకా పెదవి కదపలేదు. ఇన్నేళ్ల కొలువులో అలాంటి మనిషిని నేను చూడలేదు.”

రెండో సంగతి కొండ మలుపు. అక్కడ జేగంట మోగితే పల్లకి ఆగుతుంది, అంగరక్షకులంతా ఆ చప్పుడు వైపు తిరుగుతారు. వాళ్ల వెనక పొదల్లో యున్ పండితుడు పెట్టిన విలుకాళ్లు. వాళ్లను పట్టుకున్నారు, పండితుణ్ణి కూడా.

“ఇప్పుడు అతను ఎక్కడున్నాడయ్యా? కాళ్ల మీద పడతాను.”

“ఆ దెబ్బలకే పోయాడు. పేరు కూడా చెప్పలేదు.”

ఆమె గుమ్మం పట్టుకుని అడిగింది.

“రాజుగారి వేగులవాడా?”

దళపతి తల అడ్డంగా ఊపాడు. పొదల్లో దొరికినవాళ్లు ఒప్పుకున్నదంతా విన్నది దళపతే. ఈ మాట చెప్పడానికి మాత్రం కొంచెం తడబడ్డాడు.

“కాదమ్మా. ఆ విలుకాళ్లలో రాజుగారికి గురిపెట్టాల్సినవాడు వేరే. జేగంట కొట్టిన ఆడమనిషి తర్వాత ఎవరి పేరూ చెప్పకుండా ఆమెను అక్కడికక్కడే పడగొట్టాల్సినవాడు అతను; ముందు రోజు నీ ఇంటికి వచ్చింది నీ ముఖం గుర్తుపెట్టుకోవడానికి.”