ఆమ్లెట్లోకి లిల్లీ

నానక్‌రామ్‌గూడ ఫ్లాట్ బాల్కనీలో కెజియా కత్తెర పట్టుకుని లిల్లీ కుండీలో ఆకులు కత్తిరిస్తోంది.

“అయ్యో, ఈస్టర్‌కి పూసే మొక్కని కోసేస్తున్నావేంటే!” అత్తగారు రాహేలు పరుగెత్తుకొచ్చింది.

“పరేషాన్ కాకండి అత్తయ్యా. ఆమ్లెట్లోకి.”

రాహేలు గొంతు తగ్గింది. “తెలిసిపోయిందా?”

“మొలకలప్పుడే. లిల్లీకి ఉల్లి వాసన రాదుగా!”

“ఏం చెయ్యను? ఆఫీసు మీటింగ్ అయినప్పుడల్లా వచ్చి చెంబుడు నీళ్లు పోశావు. లిల్లీ దుంపలు కుళ్లిపోయాయి. చర్చికి పువ్వులు మా బాల్కనీ నుంచే అని అందరికీ చెప్పుకున్నావాయె. నీ మొహం చూడలేక వంటింట్లో ఉల్లిపాయలు తెచ్చి నాటాను.”

“మరి రోజూ ఈ కుండీ దగ్గర కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారే! ఉల్లిపాయలకి లిల్లీలు పూయాలనా?”

“కాదు. నీకు తెలియకూడదని.”

కెజియా పకపకా నవ్వింది. అన్నీ కోసినా, మధ్యలో నిటారుగా లేచిన కాడని మాత్రం ముట్టుకోలేదు.

“దాన్ని వదిలేశావే?”

“చివర మొగ్గ చూడండి. ఉల్లి కూడా తెల్లగానే పూస్తుంది అత్తయ్యా. చర్చికి దీన్నే పట్టుకెళ్దాం.”

రాహేలు ఆ మొగ్గని కాసేపు చూసింది. చప్పున వంగి, నీళ్ల చెంబు కోడలికి అందకుండా తీసేసుకుంది.

“అయితే ఇక నీళ్లు నేనే పోస్తాను.”