బాబురావు గొంతు

భార్య ఫోన్ చేస్తే విసుక్కునే బాబురావు, తన గొంతుతో ఫోనే జవాబిచ్చే సౌకర్యం కావాలని కంపెనీకి రాశాడు. కొత్త అప్‌డేట్‌లో అది వచ్చింది.

ఆ రాత్రి ఉప్పుగూడ స్టేషన్‌లో రైలు దిగింది అతనొక్కడే. జేబులో ఫోన్ మాట్లాడుతోంది.

“లీలా, తిన్నవా? కాళ్ల నొప్పి తగ్గిందా?”

“ఏంది, ఇయ్యాల గిట్ల అడుగుతున్నవ్?” లీలమ్మ మురిసిపోయింది.

పెళ్లయ్యాక తానెన్నడూ అలా అడగలేదు. బాబురావు సిగ్గుతో తలదించుకున్నాడు.

“తలుపు తియ్యి. వచ్చిన,” అంది ఫోన్.

ఫోన్‌లో ఇంటి గడియ తీసిన చప్పుడు వినిపించింది.

“లీలా, అది నేను కాదు!” బాబురావు ఫోన్‌లోకి అరిచాడు.

“ఫోన్ల గట్ల ఒర్లేది ఎవరు?” అందామె.

“ఇన్నొద్దులు నీతోని ఉన్నోడు. ఇగ రాడు.” ఈసారి అతని గొంతు ఆమె పక్కనుంచి వినిపించింది.

“లోపల్కి రా,” అంది లీలమ్మ. తర్వాత లోపల గడియ పెట్టుకుంది.