తెల్లవారితే గురువారం

ఇంకా చీకటి విడలేదు. స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్ 7లో ఒక క్వార్టరు ముందు రిక్షా ఆగింది.

గున్నమ్మ కళ్ళు నులుముకుంటూ తలుపు తీసింది. తల్లి లేని మేనకోడలు రోహిణిని పెంచింది ఆవిడే. ఇప్పుడు పెళ్ళి పనులన్నీ ఆవిడ నెత్తినే ఉన్నాయి.

గేటు దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. జరీ అంచు తెల్లచీర, తల్లో మల్లెపూలు, భుజాన సంచి.

"షాదీ?" అంది ఆమె. చీకటిగా ఉన్న ఇంటినీ, సగం కట్టిన షామియానానీ అయోమయంగా చూస్తోంది.

పప్పు రుబ్బడానికి తెల్లారగట్ల ఒక మనిషిని పంపిస్తానని వంటాయన భుజంగరావు చెప్పి ఉన్నాడు. గున్నమ్మకి అదే గుర్తొచ్చింది.

"ఒచ్చినావా? ముస్తాబు బాగానే ఉంది గానీ, పెరటి వైపు రా. పప్పు నానిపోనాది."

ఆమెకి తెలుగు అర్థమైనట్టు లేదు. "నూకరాజు?" అనడిగింది.

"మా తమ్ముడా? మగపెళ్ళివారి కోసం రాత్రే రాయపూర్ పోయినాడు. సాయంత్రానికి గానీ రాడు."

రాయపూర్ అన్న మాటొక్కటే ఆమెకి తెలిసింది. కాసేపు వీధి వైపు చూసింది. పెళ్ళింట్లో పని చెప్తే కాదనకూడదు అనుకుందో ఏమో, సంచి పక్కన పెట్టి, చెంగు దోపుకుని రుబ్బురోలు ముందు కూర్చుంది.

బాగా తెల్లారాక ఇంకొకామె రొప్పుకుంటూ వచ్చింది.

"భుజంగరావు గారు పంపారమ్మా. ఆటో దొరకలేదు."

గున్నమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇద్దర్ని పంపినాడేటి?"

"లేదే, నన్నొక్కదాన్నే."

"మరి ఈవిడెవులు?"

గున్నమ్మ తన కొడుకు లక్ష్మీప్రసాద్‌ని లేపింది. అతను ఇంగ్లీషు మీడియం. తెలుగు రాని స్నేహితుల కోసం వేసిన ఇంగ్లీషు శుభలేఖ రాసింది అతనే.

"ఆంటీ, మీరెవరు?" అని హిందీలో అడిగాడు.

ఆమె చేతులు కడుక్కుని, సంచిలోంచి అదే శుభలేఖ తీసింది. ఒక వాక్యం మీద వేలు పెట్టింది.

'ఎర్లీ మార్నింగ్ ఆఫ్ వెడ్నెస్‌డే, ఫోర్ ఓ క్లాక్.'

"పెళ్ళి ఏది?" అంది వచ్చీరాని హిందీలో.

"పెళ్ళి రేపు కదా ఆంటీ."

"రేపు గురువారం."

"అంటే, ఈ రాత్రికే. బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం."

"నాలుగింటికి?"

"అవును, నాలుగింటికి."

"బుధవారం నాలుగు ఇందాకే దాటిపోయింది కదా బాబూ."

లక్ష్మీప్రసాద్ శుభలేఖ తీసుకుని మళ్ళీ చదివాడు. 'డాన్' అనాలా, 'డేబ్రేక్' అనాలా అని అప్పట్లో చాలా ఆలోచించాడు. నాలుగింటికి ఇంకా వెలుగు రాదు గనక 'ఎర్లీ మార్నింగ్' అని పెట్టాడు. మాట తప్పు కాదు. తప్పింది రోజు. మనకి సూర్యుడొచ్చేదాకా బుధవారమే. ఇంగ్లీషులో అర్ధరాత్రికే గురువారం వచ్చేస్తుంది.

"సారీ ఆంటీ. ఈ రాత్రికి ఉండిపోండి."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"సాయంత్రం మా బండి. వారానికి ఒకటే. ఇంటి దగ్గర మా అమ్మాయికి నెలలు నిండాయి. ఉండలేను."

"మీరు మా మావయ్యకి ఏమవుతారు?"

"పాత పరిచయం. పెళ్ళికూతుర్ని ఒక్కసారి చూడొచ్చా?"

రోహిణి నలుగు పసుపుతోనే పెరట్లోకి వచ్చింది. ఆమె రెండు చేతులతో రోహిణి బుగ్గలు పట్టుకుని, మొహం వైపే చాలాసేపు చూసింది. తన భాషలో ఏదో అంది. ఎవరికీ అర్థం కాలేదు.

రోహిణి ఇబ్బందిగా కొంచెం వెనక్కి జరిగింది. "ఎవరత్తా ఈవిడ?"

"నాకూ తెల్దే" అంది గున్నమ్మ.

చుట్టాన్ని పట్టుకుని పప్పు రుబ్బించానని గున్నమ్మకి సిగ్గేసింది. ఫలహారం పెట్టి, బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టింది. ఆమె అది కళ్ళకద్దుకుని, రోహిణిని ఇంకోసారి చూసి వెళ్ళిపోయింది.

పొద్దువాలాక నూకరాజు మగపెళ్ళివారిని విడిదిలో దింపి ఇంటికొచ్చాడు. గున్నమ్మ జరిగింది చెప్పడం మొదలెట్టింది. సగంలోనే అతను ఆపేశాడు.

"మలయాళం ఆవిడా?"

"ఏ బాషో మరి."

"అమ్మిణి అని చెప్పిందా?"

"పేరే అడగలేదురా తమ్ముడా."

నూకరాజు గుమ్మం మీదే కూర్చుండిపోయాడు. లక్ష్మీప్రసాద్ ఇంకేం అడగకుండా స్కూటర్ తీసి దుర్గ్ స్టేషన్‌కి పరిగెత్తించాడు.

కాసేపటికి ఒక్కడే తిరిగొచ్చాడు. "బండి వెళ్ళిపోయింది మావయ్యా."

"ఎవరు నాన్నా ఆవిడ?" అంది రోహిణి.

"వాళ్ళ అడ్రసు కోసం ఎంతమందినో అడిగాను. శుభలేఖ పంపితే జవాబు లేదు. రాదులే అనుకున్నాను. వస్తే నీ మీద మొదటి అక్షింతలు ఆవిడ చేతే వేయిద్దామనుకున్నాను."

"ఎందుకు?"

నూకరాజు అక్క వైపు చూశాడు. "నువ్వు మన ఊరి నించి వచ్చేసరికే వాళ్ళు ఇక్కణ్ణించి వెళ్ళిపోయారక్కా. నీకు తెలీదు."

తర్వాత కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"మీ అమ్మ పోయేసరికి నువ్వు పసిగుడ్డువి తల్లీ. అమ్మిణి మన పక్క క్వార్టర్లో ఉండేది. తన బిడ్డని ఒక రొమ్మున, నిన్ను ఒక రొమ్మున పెట్టుకుని, నువ్వు అన్నం తినేదాకా నీకు పాలిచ్చి బతికించింది ఆవిడే."