కన్ను తెరవని నంది

"ఏమప్పా, ఏం చేస్తాండావ్ ఆడ?"

వాణి గొంతు విని గుడి ముందున్నవాళ్లంతా తిరిగి చూశారు.

బస్సులో వెనక సీట్లో కూర్చుని వచ్చిన మనిషి నంది పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. మోకాలెత్తు నంది. మూపురం మీదుగా నూలుతాడు వేసి, తాడుకు ముడి పెట్టుకుంటున్నాడు.

"కొల్తలు తీసుకుంటాండానమ్మా."

"దేనికి?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా దేవుణ్ణి కొలుస్తారా?"

అతను తాడుకు ఇంకో ముడి వేసుకున్నాడు. గోళ్ల సందుల్లో తెల్లటి దుమ్ము. ఆ చేతులతోనే నందిని ముట్టుకున్నాడని వాణికి ఇంకా ఒళ్లు మండింది.

నంద్యాల పాత సంగతుల మీద, చుట్టుపక్కల నందుల మీద వాణి ఒక పుస్తకం రాసింది. ఇంటిపని తెమిలాక మధ్యాహ్నాలు ఊరూరూ తిరిగి, అడిగి రాసుకున్న పుస్తకం. నెలకో ఆదివారం చదువరులను బస్సెక్కించి, ఏ చోటు గురించి రాసిందో ఆ చోటనే నిలబడి ఆ పేజీ చదువుతుంది. ఆళ్లగడ్డ దారిలో ఉన్న ఈ చిన్న గుడి పేజీ అందరికీ ఇష్టం. 'ఈ నంది కడుపులో వజ్రం ఉందని ఊళ్లో చెప్పుకుంటారు' అన్న వాక్యం దగ్గర వాణి కావాలనే కాస్త ఆగుతుంది. అందరి కళ్లూ నంది పొట్ట మీదికి పోతాయి.

"నా పుస్తకం చదివినావా అసలు?"

"నాకు సదువు రాదమ్మా."

"మరెందుకు వచ్చినావ్? ఇంక మా బస్సెక్కొద్దు నువ్వు."

"ఒక్క కొల్త మిగిలింది తల్లీ. గంగడోలు కాడ."

"పోతావా, పోలీసులను పిలవాల్నా?"

అతను తాడు చుట్టుకుని, నందికి దణ్ణం పెట్టుకుని, రోడ్డు వైపు నడిచాడు.

గుడి తాళాలు పట్టుకుని నిలబడ్డ ఊరి పెద్దాయన శేషయ్య తల వంచుకున్నాడు. కాలి బొటనవేలితో మట్టి గీకుతూ ఉండిపోయాడు.

ఉగాది వెళ్లాక ఇంకోసారి ఆ గుడికి వెళ్లారు. నంది ముఖం మీదికి జారేలా పెద్ద పూలదండ వేసి ఉంది.

"ఆంటీ, నంది నిద్రపోతాందా ఏందీ? కళ్లే కనపడవు," అంటూ కావ్య అనే కాలేజీ అమ్మాయి దండ జరపబోయింది.

"దండ ముట్టుకోవద్దమ్మా. ఎండెక్కుతాంది, పదండి పదండి," అని శేషయ్య తొందరపెట్టాడు.

తర్వాతి వారం ఒక పొద్దున, పొయ్యి దగ్గరున్న వాణికి భర్త శ్రీకాంత్ పేపరు తెచ్చి చూపించాడు.

కాలువ గట్టున నంది. ముక్కలు ముక్కలుగా. వజ్రం కోసం పగలగొట్టారట.

"నీ పుస్తకం ఎవరో శ్రద్ధగా చదివినట్టుందే," అన్నాడు వేళాకోళంగా. ఆమె ముఖం చూసి ఆపేశాడు.

వందల ఏళ్లు ఎండకూ వానకూ తట్టుకున్న రాయి. తను రాసిన ఒక్క వాక్యానికి తట్టుకోలేకపోయింది.

పాలు పొంగి పొయ్యి మీద పోయాయి. వాణి కదల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ నూలుతాడు.

స్టేషన్‌కు ఫోన్ చేసి, మనిషి ఎలా ఉంటాడో పూసగుచ్చినట్టు చెప్పింది. మధ్యాహ్నానికి ఎస్సై ఫోన్ చేశాడు.

"ఆళ్లగడ్డలో దొరికినాడు మేడం. నోరు మాత్రం విప్పడంల్యా. ఏమడిగినా శేషయ్యను అడగండి అంటాండాడు."

శేషయ్యనా! గుడి తాళాలున్న మనిషి!

ఆటో మాట్లాడుకుని ఊరికి వెళ్లింది. శేషయ్య ఇంటి ముందు శనగలు ఎండబోస్తున్నాడు.

"పెదనాయనా, ఆ తాడు మనిషి స్టేషన్‌లో ఉన్నాడు. మీ పేరే చెప్తాండాడంట."

"స్టేషన్‌లోనా? ఎవురు పట్టిచ్చినారు?"

"నేనే. దీంట్లో మీకు కూడా..."

శేషయ్య వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు.

"లోపలికి రా తల్లీ."

తలుపు గడియ పెట్టాడు. వెనక గదిలో శనగ మూటలు జరిపి, గోనెపట్ట లాగాడు.

నంది.

ఎక్కడా పెచ్చు కూడా లేవని నంది. కళ్లు తెరిచి వాణినే చూస్తోంది. నుదుట పెట్టిన పసుపు ఇంకా ఆరలేదు.

వాణి నేల మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియలేదు. రెండు చేతులా నంది మెడ కావలించుకుంది.

"నువ్వు వజ్రం మాట చదివిన పొద్దే నాకు గుండెలో రాయి పడింది," అన్నాడు శేషయ్య. "దీన్ని ఈడికి తెచ్చి పెట్టుకోని, దీని మాదిరే ఇంగొకటి చేయించి గుడి ముందర పెట్టినా. దానికి కళ్లు తెరిపిచ్చల్యా. తెరిపిస్తే దేవుడైపోతాడు. తెరవకుంటే వట్టి రాయి. అందుకే దండ కప్పినా. సంగతి తెలిసినోళ్లం ఇద్దరమే. ఇంగొకరి చెవిన పడితే దొంగనాబట్టలు మళ్లా వస్తారు."

"నాకొక్క మాట చెప్పుండొచ్చు కదా!"

"నీకు చెప్తే పుస్తకంలో రాస్తావ్."

వాణి కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది. పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా బయటికొచ్చింది.

"పోనీలే పెదనాయనా. పోయింది వట్టి రాయే కదా!"

"వట్టి రాయే," అంటూ శేషయ్య కండువా భుజాన వేసుకున్నాడు. "ఇంగ పద తల్లీ, స్టేషన్‌కు పోదాం. దాన్ని చెక్కినాయప్పను ఇడిపించుకోని రావాల."