చైనా ఫొటోల్లో శాంతి

నాలుగో ఫొటో చూశాక పద్మనాభానికి ఇక సందేహం లేకపోయింది. పక్కింటి వినీత్ తన భార్య శాంతిని చంపేశాడు.

పద్మనాభం ఏలూరులో సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. రెండేళ్ళుగా భార్య రాజేశ్వరమ్మతో కలిసి అమెరికాలో, ఎడిసన్‌లో కూతురు దేదీప్య ఇంట్లో ఉంటున్నాడు. కూతురు ఆఫీసుకి వెళ్ళిపోయాక ఆయనకి మిగిలేవి కాఫీ, కిటికీ, వాట్సాప్.

పక్కింటి దంపతులు చైనా పల్లెటూళ్ళు చూడ్డానికి వెళ్ళి వారం దాటింది. వినీత్ రెండ్రోజులకోసారి కాలనీ తెలుగువాళ్ళ గ్రూపులో ఒక ఫొటో పెడుతున్నాడు. కొండ చుట్టూ మెట్లు మెట్లుగా వరిమళ్ళు, వాగులో వెదురు తెప్ప, బురదలో పడుకున్న గేదె, చెక్క ఇళ్ళ ఊరు. ప్రతి ఫొటోలోనూ శాంతి ఉంది, నీలం శాలువా కప్పుకుని, అటు తిరిగి. గ్రూపులో అందరూ ‘లవ్లీ కపుల్’ అని పెడుతున్నారు.

“ఒక్క ఫొటోలోనైనా మొహం కనపడిందా?” అన్నాడు పద్మనాభం.

రాజేశ్వరమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. “కొండలు చూడ్డానికెళ్ళినమ్మాయి కెమెరాని చూస్తూ కూర్చుంటుందా?”

“ఇది చూడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. శాంతి వాడి చెవి దాకా వస్తుంది. ఈ మనిషి భుజం కూడా దాటలేదు.”

“వాడు ఎత్తు మీద నిలబడ్డాడేమో.”

“ఇద్దరూ ఒకే వంతెన మీదున్నారు.”

ఆవిడ ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది.

శాంతి అంటే పద్మనాభానికి అభిమానమే. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళినప్పుడల్లా “ఏమైనా తేవాలా అంకుల్” అని అడిగి మరీ వెళ్ళేది. ఏడాదిగా ఎందుకో రావడం తగ్గించింది. ఉద్యోగం హడావుడి కాబోలు అనుకున్నాడాయన. వాళ్ళు ప్రయాణమయ్యే ముందురోజు సాయంత్రం ఆ ఇంట్లోంచి అరుపులు వినిపించాయి. ఏదో భళ్ళున పగిలింది. ఆ తర్వాత చడీచప్పుడూ లేదు. మర్నాడు వినీత్ సూట్‌కేసుతో కారెక్కడం ఆయన కిటికీలోంచి చూశాడు. శాంతి ఎక్కడం మాత్రం చూడలేదు.

నాలుగో ఫొటో చూసిన సాయంత్రమే వాకింగ్ పేరుతో వాళ్ళ పెరట్లోకి వెళ్ళాడు. కంచె వారన ఒక మూల మట్టి కొత్తగా తవ్వి ఉంది. చేతికర్రతో పొడిస్తే మెత్తగా దిగింది. చాలాకాలం తర్వాత ఆయనకి ఒంట్లో కాస్త ఓపిక వచ్చినట్టనిపించింది.

భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పాడు.

“నాన్నా, పక్కవాళ్ళ బ్యాక్‌యార్డ్‌లోకి అలా వెళ్ళకూడదు. ట్రెస్‌పాసింగ్ అంటారు,” అంది దేదీప్య.

“గోంగూర విత్తనాలు చల్లుంటారు,” అంది రాజేశ్వరమ్మ.

“ఊరెళ్ళేవాళ్ళు విత్తనాలు చల్లి వెళతారా?”

తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ కాలం వాళ్ళకి నేరం కళ్ళెదురుగా ఉన్నా కనపడదని పద్మనాభం మనసులో అనుకుని మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాడు వినీత్‌కి వాట్సాప్‌లో ఫోన్ చేశాడు.

“హాయ్ అంకుల్. ట్రిప్ సూపర్‌గా జరుగుతోంది.”

“శాంతికోసారి ఇవ్వు బాబూ. మా ఆవిడ ఏదో అడగాలంటోంది.”

ఫోన్‌లో గాలి హోరు మధ్య ఏవో గుసగుసలు వినపడ్డాయి.

“తను పడుకుంది అంకుల్. కొండలెక్కి బాగా టైర్డ్ అయింది. మళ్ళీ కాల్ చేయిస్తాను.”

వెనకాల ఎవరో ఆడమనిషి నవ్వింది. అది శాంతి నవ్వు కాదు. వెంటనే లైన్ కట్టయింది.

పద్మనాభం లేచి లుంగీ విప్పి ప్యాంటు వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. అమెరికా పోలీసుల ముందు లుంగీతో కనపడటం ఆయనకి ఇష్టం లేదు. తర్వాత సోఫాలో నిటారుగా కూర్చుని 911 నొక్కబోయాడు.

రాజేశ్వరమ్మ వచ్చి ఆయన చేతిలోంచి ఫోన్ తీసేసుకుంది.

“శాంతి బతికే ఉంది.”

“నీకెలా తెలుసు?”

“మన బేస్‌మెంట్‌లోనే ఉంది.”

పద్మనాభం కాళ్ళ కిందున్న కార్పెట్ వంక చూశాడు.

“గొడవైన రాత్రి మీరు పడుకున్నాక ఆ పిల్ల చెంప వాచిపోయి వచ్చింది. మోకాళ్ళ నొప్పులని మీరా మెట్లు దిగరుగా, అక్కడే పడుకోబెట్టాం. మన అమ్మాయి లాయర్‌తో మాట్లాడింది. కేసు వేసేదాకా ఎవరికీ తెలియకూడదన్నాడు. ఫొటోల్లో ఉన్నది వాడి ఆఫీసులో అమ్మాయట. మొదట్నించీ రెండో టికెట్ ఆ అమ్మాయి పేరు మీదే ఉందట. శాలువా మాత్రం శాంతిదే.”

“మరి ఆ తవ్విన మట్టి?”

“గోంగూరన్నానుగా.”

పద్మనాభం మొహం ఎర్రబడింది. “అందరూ కలిసి నా దగ్గరే దాచారా? జన్మంతా పోలీసుద్యోగం చేసినవాణ్ణి. ఒక్క మాట చెప్పుంటే వాణ్ణి విమానం ఎక్కనిచ్చేవాణ్ణా?”

రాజేశ్వరమ్మ ఫోన్‌ని బల్ల మీద పెట్టింది.

“కిందటేడు వాడు మొదటిసారి చెయ్యి చేసుకున్నప్పుడు ఆ పిల్ల ముందు మీ దగ్గరికే వచ్చిందట. సంసారమన్నాక ఇవన్నీ మామూలేనని చెప్పి, మీరే వెంటబెట్టుకెళ్ళి వాడికి అప్పజెప్పి వచ్చారట.”